వ్యాయామ వేళ హృదయ, శ్వాసక్రియల నియంత్రణ: ఒక పరిశీలన

సారాంశం:
శ్రమించేటప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లనే శ్వాస వేగం హెచ్చుతుందన్న వివరణ తరగతి గదుల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ వివరణ అసంపూర్ణమైనది. మెదడు ఇచ్చే ముందస్తు ఆదేశం, కండరాల నుంచి అందే సమాచారం, రసాయన గ్రాహకాలు చేసే సవరణ అనే మూడు అంచెలు కలిసి ఈ నియంత్రణను నిర్వహిస్తాయని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: వ్యాయామం, హృదయ స్పందన, శ్వాసక్రియ, వేగస్ నాడి, రసాయన గ్రాహకాలు.

1. ఉపోద్ఘాతం:
నిజామాబాదు జిల్లా కోటగిరి ప్రాంతంలో వరికోతల కాలంలో కల్లాల దగ్గర హమాలీలు ధాన్యం బస్తాలు లారీలకు ఎత్తడం సర్వసాధారణ దృశ్యం. బస్తా భుజానికెత్తుకున్న క్షణంలోనే హమాలీ గుండె వేగం అందుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది. విశ్రాంతిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపే గుండె, తీవ్రశ్రమలో 20 లీటర్లకు పైగా పంపగలదు. నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీల్చే ఊపిరితిత్తులు 100 లీటర్లను దాటగలవు. ఇంతటి మార్పుకు తొలి ప్రేరణ ఎక్కడిది?

2. తొలి క్షణాలు - మెదడు ఆదేశం:
కండరం పని మొదలుపెట్టిన తొలి సెకన్లలో శక్తి ప్రధానంగా ఫాస్ఫోక్రియాటిన్ నుంచి లభిస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో హార్వర్డులో వెల్లడించిన పదార్థమిదే. దీని విచ్ఛిత్తికి ఆక్సిజన్ అవసరం లేదు. అంటే ఆ సెకన్లలో కండరంలో తయారయ్యే అదనపు కార్బన్ డయాక్సైడ్ స్వల్పం. అది రక్తంతో ప్రయాణించి గ్రాహకాలను చేరడానికి కూడా కొంత వ్యవధి కావాలి. అయినా శ్వాస అప్పటికే పెరిగి ఉంటుంది. కనుక తొలి ప్రేరణ రక్తరసాయనం కాజాలదు.

1913లో క్రోగ్, లిండ్‌హార్డ్ ఈ తక్షణ మార్పును నమోదు చేసి, కండరాలను కదిలించే మెదడు సంకేతమే హృదయ, శ్వాస కేంద్రాలకు కూడా వ్యాపిస్తుందని ప్రతిపాదించారు. దీనినే నేడు కేంద్రీయ ఆదేశం అంటున్నారు. ఈ ఆదేశంతో మొదట వేగస్ నాడి గుండెపై వేసిన కళ్లెం సడలుతుంది. స్పందన నిమిషానికి సుమారు 100 దాకా పెరగడంలో ప్రధాన పాత్ర ఈ సడలింపుదే. ఆపై సహానుభూత నాడులు, అడ్రినలిన్ పాత్ర అధికమవుతుంది.

3. కండరాల సమాచారం:
కండరాలు, కీళ్లలోని సన్నని నాడీతంతువులు కదలికను, జీవక్రియా ఉత్పన్నాల పోగును మెదడుకు తెలియజేస్తాయి. 1937లో ఆలమ్, స్మిర్క్ శ్రమించిన అవయవానికి రక్తప్రసరణను బిగించి ఆపినప్పుడు, వ్యాయామం ముగిసినా రక్తపీడనం హెచ్చుగానే నిలిచింది. కండరంలో చిక్కుకున్న రసాయనాలే ఆ సంకేతాన్ని పంపుతున్నాయని దీనివల్ల తేలింది.

4. రసాయన గ్రాహకాల సవరణ:
మితమైన వ్యాయామంలో ధమనీరక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం దాదాపు 40 మిల్లీమీటర్ల వద్దనే స్థిరంగా ఉంటుంది. తీవ్రవ్యాయామంలో లాక్టిక్ ఆమ్ల ప్రభావంతో శ్వాస మరింత పెరగడం వల్ల అది తగ్గుతుంది కూడా. శరీరంలో ఉత్పత్తయ్యే కార్బన్ డయాక్సైడ్‌కు శ్వాస ఇంత కచ్చితంగా ఎలా సరితూగుతోందన్నది నేటికీ చర్చనీయాంశమే. మెడలోని కెరోటిడ్ దేహాలు, మెడుల్లాలోని గ్రాహకాలు ఈ తూకంలోని చిన్న లోపాలను సరిదిద్దుతాయి. కెరోటిడ్ ప్రాంత గ్రాహకాల పాత్రను నిరూపించినందుకు హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి లభించింది.

5. ఎత్తైన ప్రదేశాల్లో:
మైదానంలో సహాయక పాత్రలో ఉండే ఈ గ్రాహకాలు పర్వతాలపై ప్రధాన పాత్ర వహిస్తాయి. నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 సంవత్సరాల 11 నెలల వయసులో, ఖమ్మం ప్రాంతానికి చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టును అధిరోహించింది. ఆ శిఖరంపై వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడో వంతు మాత్రమే. అంతటి ఎత్తుకు వెళ్లేవారిలో ఆక్సిజన్ కొరతను కెరోటిడ్ దేహాలు పసిగట్టి శ్వాసను పెంచుతాయి. దాంతో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తం క్షారగుణం వైపు మొగ్గి, శ్వాసకు అడ్డుకట్ట పడుతుంది. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను విసర్జిస్తూ కొన్ని రోజుల్లో ఆ అడ్డును సడలిస్తాయి. పర్వతారోహకులు మజిలీలు చేస్తూ నెమ్మదిగా పైకి సాగడానికి ఇదొక ముఖ్య కారణం.

6. ముగింపు:
శరీరం కొరత ఏర్పడిన తరువాత మేల్కొనేది కాదు. రాబోయే అవసరాన్ని ముందే అంచనా కట్టి, ఆపై సరిదిద్దుకుంటుంది. "కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, కనుక శ్వాస పెరిగింది" అన్న ఒక్క వాక్యంతో పాఠం ముగిస్తే, విద్యార్థికి సవరణ మాత్రమే తెలుస్తుంది, ఆరంభం తెలియదు. కూర్చున్న విద్యార్థిని లేచి గబగబా అడుగులు వేయమని, తొలి పది సెకన్లలో నాడిని గమనించమంటే చాలు. తక్కిన చర్చ అక్కడినుంచే మొదలవుతుంది.