రోడ్డు మీదికే టైరు షాపు: బస్తర్ దారుల్లో ఒక స్వయం ఉపాధి లెక్క

కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లో లోడు లారీ టైరు పేలితే డ్రైవరుకు మిగిలేవి రెండే దారులు. స్టెప్నీ బాగుంటే క్లీనరుతో కలిసి తానే మార్చుకోవాలి. అదీ పోయి ఉంటే చక్రం విప్పి, వచ్చే పోయే బండి ఏదో ఒకటి ఆపి, దగ్గరి ఊరికి మోసుకెళ్లాలి. ఈలోగా సరుకు అక్కడే ఉంటుంది, వెనక వాహనాలు బారులు తీరతాయి. పంక్చరు వేసే మనిషే గాలి మిషనుతో సహా లారీ దగ్గరికి వస్తే ఈ అవస్థ తప్పుతుంది. ఆ అవసరం మీద నిలబడేదే సంచార టైరు సర్వీసు.

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో అందరికీ అనుభవమైన మాట ఒకటుంది: "మీవాళ్లు బ్యాంకులోనే కదా, మా అబ్బాయికి ఏదైనా మంచి లోను చెప్పండి." ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న మేనల్లుడో, లారీ డ్రైవింగ్ మానేసిన బాబాయో అలా అడిగినప్పుడు చెప్పదగ్గ వ్యాపారాల్లో ఇదొకటి. అయితే దీని లాభమెక్కడుందో, ప్రమాదమెక్కడుందో తెలుసుకున్నాకే చెప్పాలి.

బస్తరే ఎందుకు?

ఒకప్పటి అవిభక్త బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. ఇప్పుడు ఆ ప్రాంతం కాంకేర్, కొండగావ్, బస్తర్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా ఉంది. దీని నడుమగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి మనవాళ్లకు కొత్తది కాదు. రాయపూర్ నుంచి కాంకేర్, కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా, కోంటా మీదుగా భద్రాచలం, కొత్తగూడెం దాటి విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరేది అదే. 2010లో నంబర్లు మారక ముందు జగదల్‌పూర్‌కు అటువైపు 43, ఇటువైపు 221 అనేవాళ్లు. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు ఇంటి భాషగా వినిపిస్తుంది. హిందీ, హల్బీతో పాటు తెలుగు కూడా వచ్చిన కుర్రాడికి ఈ దారిలో అదొక పెట్టుబడే.

టైరు షాపులు ఊళ్లను అంటిపెట్టుకుని ఉంటాయి. టైర్లు ఊళ్లు చూసి పేలవు. జగదల్‌పూర్ నుంచి సుక్మాకు సుమారు వంద కిలోమీటర్లు, మధ్యలో దర్భా ఘాట్, అడవి. ఇలాంటి దూరాలే ఈ వ్యాపారానికి గిరాకీ. జాగ్రత్తగా లెక్కవేయకపోతే నష్టం తెచ్చేవీ ఈ దూరాలే.

ట్రైలరా, పికప్పా?

సామానంతా పికప్ వెనకే బిగించుకోవచ్చు. లేదా విడిగా ట్రైలర్ చేయించి బండికి తగిలించుకోవచ్చు. ట్రైలర్‌తో సౌకర్యం ఏమిటంటే, దాన్ని ఒకచోట నిలిపి బండిని వేరే పనికి వాడుకోవచ్చు. బస్తర్‌లో వారపు సంతలు పెద్దవి. ట్రాక్టర్లు, పికప్‌లు, మోటారు సైకిళ్లు అన్నీ అక్కడికే చేరతాయి. సంత రోజున ట్రైలర్ అక్కడ నిలిపితే గిరాకీ తనంతట తానే వస్తుంది, డీజిల్ ఖర్చు ఉండదు. ఇబ్బంది ఘాట్ రోడ్డులో. ఇరుకు మలుపులో ట్రైలర్‌ను వెనక్కి తిప్పడం నేర్చుకున్నవాళ్లకే సాధ్యం.

మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. వెల్డింగ్ షాపులో చేయించి నేరుగా రోడ్డెక్కిస్తే కుదరదు. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే బండితో పాటు దానికీ బీమా ఉండాలి. బరువు సర్దడం కూడా ముఖ్యమే. కంప్రెసర్ వంటి బరువైన సామాను ఇరుసుకు కొంచెం ముందు వైపు పెట్టాలి. మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కువైతే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ తోకలా ఊగుతుంది.

సామానులో మొదటిది ఇంజనుతో నడిచే రెండు దశల కంప్రెసర్. లారీ టైరుకు వంద పౌండ్లకు పైగా గాలి పట్టాలి కాబట్టి కార్లకు వాడే చిన్న మిషను చాలదు. తరువాత బరువుకు తగిన హైడ్రాలిక్ జాకీలు, వాటి కింద వేసే చెక్క దిమ్మెలు, లివర్లు, సరైన గేజి, నట్లు ఎంత బిగించామో చూపే టార్క్ రెంచి, ట్యూబులు, ఫ్లాపులు, ప్యాచీలు. వీటితో పాటు ఒక ఇనుప పంజరం.

కొటేషన్లో పంజరం ఉందా?

డబ్బు తగ్గించుకోవడానికి చాలామంది వదిలేసేది ఆ పంజరాన్నే. అది ఎందుకు తప్పనిసరో ఇంట్లో అందరికీ తెలియాలి.

ట్యూబు ఉండే లారీ చక్రాల్లో చాలావాటికి రిమ్ము ఒకే ముక్క కాదు. పక్కన విడిగా ఒక ఇనుప రింగు ఉంటుంది, టైరును పట్టి ఉంచేది అదే. పూర్తిగా గాలి పట్టిన లారీ టైరు పక్క గోడ మీద పడే మొత్తం ఒత్తిడి పదుల టన్నుల్లో ఉంటుంది. రింగు తుప్పు పట్టినా, వంగినా, గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా అది ఫిరంగి గుండులా ఎగిరివస్తుంది. ఎదురుగా మనిషి ఉంటే బతకడం కష్టం. అందుకే అమెరికాలో 1980 నుంచే ఇలాంటి చక్రాలకు పంజరం లోపలే గాలి పట్టాలని ప్రభుత్వ నిబంధన ఉంది. ట్యూబులెస్ రేడియల్ అయినా నిశ్చింత లేదు. గాలి తగ్గిన టైరు మీద చాలా దూరం నడిపితే పక్క గోడలోని ఉక్కు తీగలు నలిగిపోతాయి. మళ్లీ గాలి పట్టేటప్పుడు ఆ గోడ ఒక్కసారిగా చీలుతుంది.

పాటించాల్సిన పద్ధతులు కష్టమైనవి కావు:

• నట్లు వదులు చేసే ముందే వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. జంట చక్రాలైతే రెండింటిదీ వదలాలి.

• గాలి లేకుండా నడిచిన టైరును విప్పి, లోపల చూడకుండా మళ్లీ నింపకూడదు.

• వాల్వుకు తగిలించి వదిలేసే క్లిప్పు, పొడవైన గొట్టం వాడాలి. గాలి ఎక్కేటప్పుడు మనిషి పక్కకు నిలబడాలి.

• గాలి ఉన్న చక్రం రింగును సుత్తితో కొట్టకూడదు. టైరు ఎక్కించి ఉన్న రిమ్ముకు వెల్డింగ్ చేయకూడదు.

• పని మొదలుపెట్టే ముందే రోడ్డు మీద కోన్లు, రిఫ్లెక్టరు త్రిభుజం పెట్టాలి.

ఘాట్ మలుపులో లారీ ప్రమాదకరమైన చోట ఆగి ఉంటే, ముందు సురక్షితమైన చోటికి జరపగలరేమో చూడాలి. ఆ తరువాతే పని.

ఒక పిలుపుకు ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు మన అంచనా కోసమే. ఆరు లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 13,000 రూపాయలు. సహాయకుడి జీతం 12,000, బీమా, సర్వీసింగ్, ఫోను కలిపి 5,000, ఇంటి ఖర్చు 20,000 అనుకుంటే మొత్తం 50,000. నెలకు 25 పని దినాలైతే రోజుకు 2,000 మిగలాలి. డీజిల్, సామగ్రి పోను ఒక్కో పిలుపుకు 500 మిగిలితే రోజుకు నాలుగు పిలుపులు కావాలి.

ఇప్పుడు దూరం చూడండి. లీటరుకు పది కిలోమీటర్లిచ్చే బండి, లీటరు డీజిల్ 95 రూపాయలు అనుకుందాం. 40 కిలోమీటర్ల దూరం నుంచి పిలుపు వస్తే, వెళ్లి రావడానికి ఎనిమిది లీటర్లు, అంటే 760 రూపాయలు. ఊళ్లో షాపు పంక్చరుకు తీసుకునే ధరకే ఇక్కడా పని చేస్తే చేతి డబ్బు పోతుంది. కాబట్టి రాకపోకల ఛార్జీ వేరు, పని కూలి వేరు అని ఫోనులోనే చెప్పాలి. లారీ ఆసామి కొంటున్నది ప్యాచీని కాదు, నిలిచిపోయిన బండి తాలూకు గంటలను. మొదటి ఏడాది 25 కిలోమీటర్ల పరిధి దాటకపోవడం మంచిది.

పిలుపుల మీదే ఆధారపడితే ఆదాయం నిలకడగా ఉండదు. సంత రోజులు, బడి బస్సులు, జేసీబీలు, ట్రాన్స్‌పోర్టు యార్డుల్లో వారానికోసారి గాలి, టైర్ల తనిఖీ వంటి నెలవారీ ఒప్పందాలు వాయిదాను నిలబెడతాయి. అయితే యార్డుల వాళ్లకు నెలల తరబడి అరువు పెడితే ట్యూబులు కొనే డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది.

బ్యాంకు వైపు నుంచి

2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పథకంలో హామీ ఆస్తి లేకుండా శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు రుణం దొరుకుతుంది. తరుణ్ రుణం తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి 20 లక్షల దాకా అవకాశం ఉంది. ఉద్యం రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు, సామాను కొటేషన్లు ముందే సిద్ధం చేసుకోవాలి. పని తెలుసనే రుజువు కూడా కావాలి. కనీసం ఏడాది పాటు టైరు షాపులో పనిచేసి రమ్మని చెప్పడం అతనికి మనం చేసే మేలే.

వర్షాకాలాన్ని లెక్కలో వేసుకోవాలి. గోదావరి పొంగితే శబరి నీరు వెనక్కి తన్ని కోంటా వైపు రహదారి మునుగుతుంది. 2022 జూలైలో అదే జరిగింది. దారి మూసినా వాయిదా ఆగదు గనుక రెండు వాయిదాల సొమ్ము ఎప్పుడూ ఖాతాలో విడిగా ఉంచుకోవాలి. యజమానికి, సహాయకుడికి ఇద్దరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించాలి. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా అది.

రేపు బంధువుల అబ్బాయి ఎవరైనా ఈ లోను కోసం కొటేషను పట్టుకుని మీ ఇంటికి వస్తే, ముందు వడ్డీ రేటు గురించి మాట్లాడకండి. జాబితాలో పంజరం, పొడవైన గొట్టం, రోడ్డు కోన్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించి తీసుకురమ్మనండి. వాటికయ్యే డబ్బు కూడా అదే రుణంలో కలుస్తుంది.