దూరం నుంచే రాయి గుట్టు లాగే లేజర్

ఉప్పేసి మరిగిస్తున్న నీళ్లు గ్యాస్ పొయ్యి మీదకు పొంగితే నీలిమంట గభాలున పసుపు రంగుకు తిరుగుతుంది. అది సోడియం పని. బాగా వేడెక్కితే ప్రతి మూలకమూ తనకే సొంతమైన రంగుల్లో వెలుగుతుంది. 1860లో జర్మనీలో బున్సెన్, కిర్చాఫ్‌లు సీజియాన్ని కనిపెట్టింది ఈ ఆనవాలు పట్టుకునే.

చిక్కల్లా ఘనపదార్థాలతోనే. రాయి మంటకు ఓ పట్టాన లొంగదు. పొడి కొట్టి, ఆమ్లంలో కరిగించాలి. 1960లో మైమన్ కెంపు లేజర్ వెలిగించాక ఈ బాధకు దారి దొరికింది. రెండేళ్లకే బ్రెక్, క్రాస్ అనేవారు లేజర్‌తో ఘనపదార్థాన్ని ఆవిరి చేసి చూపారు. ఆ తరం పరికరాలు చాలావాటిలో ఆ ఆవిరిని వెలిగించడానికి విద్యుత్ స్పార్క్ విడిగా ఇవ్వాల్సి వచ్చేది. 1980ల్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల ఈ పద్ధతిని మళ్లీ చేతిలోకి తీసుకుంది. లేజర్ దెబ్బకు పుట్టే ప్లాస్మా వెలుగే చాలునని తేల్చింది. అదే లిబ్స్.

లేజర్ ఒక్కో దెబ్బ నిలిచేది సెకనులో వందకోట్లో వంతులు కొన్ని మాత్రమే. అయినా సూదిమొనంత చోట పడేసరికి రాయి పైపొర పదివేల డిగ్రీల స్థాయికి వేడెక్కి మెరుస్తుంది. పుట్టగానే అది ఉట్టి తెల్లని వెలుగు, అందులో ఏ మూలకపు సొంత రంగు గీతా కనపడదు. కాస్త చల్లారాకే మూలకాల గీతలు తేలతాయి. అందుకే చాలా పరికరాల్లో డిటెక్టర్‌ను కావాలనే ఆలస్యంగా తెరుస్తారు.

లిబ్స్ అసలు సత్తా మార్స్ మీద తెలిసింది. 2012 ఆగస్టు 19న క్యూరియాసిటీ రోవర్‌లోని కెమ్‌క్యామ్ అనే లిబ్స్ పరికరం ‘కొరొనేషన్’ అనే రాయిని పది సెకన్లలో 30 సార్లు కొట్టింది. దెబ్బకు పది లక్షల వాట్లకు పైగా శక్తి! ఏడు మీటర్ల దూరం వరకూ గురి అందుతుంది. మొదటి దెబ్బలకు దుమ్ము ఎగిరిపోతుంది, ఆ తర్వాతే రాయి మాట్లాడుతుంది. 2014లో ఫోకస్ సరిచేసే చిన్న లేజర్ చెడిపోయింది. అంత దూరం రిపేరుకు ఎవరు వెళ్తారు? ఒక్కో గురికి తొమ్మిది రకాల ఫోకస్‌తో కొట్టి నెట్టుకొచ్చారు. 2015లో భూమి నుంచి సుమారు 40 కిలోబైట్ల సాఫ్ట్‌వేర్ పంపారు. దాంతో అది తన ఫొటోలు చూసి తానే ఫోకస్ కుదుర్చుకోవడం నేర్చింది. నా దృష్టిలో ఈ యంత్రం కథలో ఇదే గొప్ప ఘట్టం.

మన శ్రీహరికోట నుంచి 2023 జులైలో ఎగిరిన చంద్రయాన్-3లోనూ లిబ్స్ ఉంది, బెంగళూరులోని ఇస్రో ల్యాబు చేసింది. ప్రజ్ఞాన్ రోవర్ దానితోనే చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిలో గంధకాన్ని పసిగట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాలను గుర్తించడానికీ ఈ పద్ధతి మీద పరిశోధన చేశారు.

లోపం లేకపోలేదు. ఒకే మూలకం, అంతే మోతాదులో ఉన్నా, ఒక్కో రాయిలో ఒక్కో తీవ్రతతో వెలుగుతుంది. అందుకే కూర్పు ముందే తెలిసిన నమూనాలను క్యూరియాసిటీ వెంట తీసుకెళ్లింది. పైగా లిబ్స్ మూలకం ఉందని చెబుతుందే గానీ, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. చంద్రుడి గంధకం అక్కడి అగ్నిపర్వతాలదా, ఉల్కలు మోసుకొచ్చిందా అన్నది తేల్చాల్సింది శాస్త్రవేత్తలే.