ఊళ్లో ఇల్లుంటే ఓటుంటుందా?

పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే రచ్చబండ దగ్గర రెండు వాదాలు మొదలవుతాయి. పట్నంలో పాతికేళ్లుగా స్థిరపడిన ఆసామి తాతల నాటి ఇల్లు ఇక్కడే ఉంది కనుక ఓటూ ఇక్కడే అంటాడు. పనుల కోసం ముంబై, పుణె వెళ్లిన పాలమూరు కూలీ పేరు కనిపిస్తే, ఊళ్లో లేనివాడికి ఓటేమిటని ఎదుటి వర్గం లేస్తుంది. ఈ రెండు వాదాలూ తప్పే. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఈ సంగతి తేటగా చెబుతోంది: ఇల్లు సొంతమైనంత మాత్రాన అక్కడి నివాసి కాడు, తాత్కాలికంగా బయటికి వెళ్లినంత మాత్రాన నివాసం పోదు. చట్టం చూసేది ఆస్తిని కాదు, బతుకు ఎక్కడ సాగుతోందన్నదాన్ని. పట్నంలో ఒకటి, ఊళ్లో ఒకటి ఓటు ఉంచుకోవడం 17, 18 సెక్షన్ల ప్రకారం కుదరదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలుశిక్ష కూడా ఉంది.

అసలు చిక్కు ఇక్కడే. ‘ఈ మనిషి ఎవరు’ అన్నది ఒక ప్రశ్న, ‘ఈ ఊరివాడేనా’ అన్నది మరో ప్రశ్న. మనం రెండింటికీ ఒకే కార్డు అడుగుతున్నాం. 1993లో ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ హయాంలో వచ్చిన ఓటరు కార్డు గానీ, అది లేనప్పుడు చూపే ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు గానీ మొదటి ప్రశ్నకే జవాబు. ఆధార్ తనంతట తానే స్థిరనివాసానికి (డొమిసైల్) రుజువు కాదని దాని చట్టమే చెబుతోంది. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. అందుకే దొంగ ఓట్ల భయంతో పోలింగ్ కేంద్రం గుమ్మంలో కాగితాలు పెంచడం వృథా అని నా వాదన. పొద్దున 7కి మొదలై మధ్యాహ్నం 1కి ముగిసే తెలంగాణ పంచాయతీ పోలింగులో, బారులు తీరిన జనం ముందు ఎవరి నివాసాన్ని ఎవరు తేల్చగలరు? అది తేలాల్సింది ముసాయిదా జాబితా దగ్గర. రాష్ట్ర ఎన్నికల సంఘం శాసనసభ జాబితానే వార్డులవారీగా విడదీసి పంచాయతీలో ప్రకటిస్తుంది. కొన్ని వందల ఓట్లుండే వార్డులో ఎవరు ఉంటున్నారో, ఎవరు పండక్కి మాత్రమే వస్తారో పక్కింటివాళ్లకు తెలుసు.

కక్షలున్న ఊళ్లలో ఈ తెలివిడే ఆయుధమవుతుందని, ఎదుటివాళ్ల పేర్లు తీయించేస్తారని అంటారు. ఆ భయం నిజమైనదే. 2018 డిసెంబరు ఎన్నికల్లో ఎంతోమంది పేర్లు గల్లంతై, తెలంగాణ ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కానీ దానికి విరుగుడు చట్టంలోనే ఉంది. పేరు తీయమని కోరే ఫారం 7తో అభ్యంతరం వచ్చినా, వేరేచోటికి వెళ్లిపోయాడంటూ పేరు తీయాలంటే 22వ సెక్షన్ ప్రకారం ముందు ఆ మనిషి మాట వినాలి. నోటీసు గోడకు అంటించి చేతులు దులుపుకోకుండా, ఇంటికి వెళ్లి విచారించాలి. కాగితాలు గట్టిగా అడిగితే గొడవే ఉండదుగా అని ఇంకొందరంటారు. అద్దె ఒప్పందం లేని కౌలుదారు, పెళ్లై నిన్నమొన్న వచ్చిన కోడలు, పేరు మీద కరెంటు బిల్లు లేని ముసలమ్మ ఆ కాగితాలు ఎక్కడినుంచి తెస్తారు? ఇల్లే లేనివారి విషయంలో బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి, వారు అక్కడే పడుకుంటున్నారని చూసి నమోదు చేయాలని కేంద్ర ఎన్నికల సంఘం నిబంధన. కళ్లతో చూసిన నివాసమే రుజువని ఒప్పుకున్నప్పుడు, కౌలుదారుకు మాత్రం వేరే న్యాయం ఎందుకు?

జాబితా సవరణ వేళ దాన్ని గ్రామసభలో చదివి వినిపించాలని కేంద్ర ఎన్నికల సంఘం తన షెడ్యూళ్లలో పెడుతూ వచ్చింది. ఈసారి మీ ఊళ్లో చదవకపోతే చదవమని పంచాయతీ కార్యదర్శిని అడగండి. మీ పేరుతో పాటు, వలస వెళ్లిన మీ పక్కింటివాళ్ల పేరూ ఉందో లేదో చూడండి.