ఇంటివద్ద బరువుల సాధన పరికరాల ఎంపిక

ఇంటివద్ద బరువుల సాధన అనగా వ్యాయామశాలకు వెళ్ళకుండా డంబెల్స్, బార్‌బెల్ వంటి పరికరాలతో ఇంటిలోనే కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం చేయుట. క్రొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా "మొత్తం ఎన్ని కిలోల సెట్టు" అని అడిగి కొంటారు. అయితే ఆ పరికరంలో బరువును ఎంత కొద్దికొద్దిగా పెంచుకొనవచ్చును అనునది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతాలతో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో పల్లెల నుండి పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువకులకు ఈ విషయం ప్రత్యేకంగా పనికివస్తుంది. 2022 నాటి తెలంగాణ కానిస్టేబుల్ నియామకాలలో పురుషులు 7.26 కిలోల ఇనుపగుండును కనీసం 6 మీటర్లు విసరవలసి ఉండెను. గుండును విసురుట వలన నైపుణ్యం వస్తుంది. కాని దాని బరువు ఎన్నటికీ 7.26 కిలోలే, బలం పెరగాలంటే ఎత్తే బరువు కూడా క్రమంగా పెరగవలెను.

పూర్వరంగం

తెలుగునాట తాలింఖానాలలో దండీలు, బస్కీలతో పాటు గుండురాళ్ళు, సంగిడీలు ఎత్తుట పూర్వం నుండి ఉన్నది. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు (1882–1942) ఈ సంప్రదాయం నుండి వచ్చి ప్రపంచ ప్రసిద్ధి పొందిన మల్లుడు. రాతితో చిక్కేమంటే దాని బరువు మారదు. ఎత్తలేనివానికి అది పనికిరాదు, సులభంగా ఎత్తగలవానికీ పనికిరాదు. గ్రీకు మల్లుడు మైలో ఒక దూడను రోజూ ఎత్తుతూ, అది పెరిగి ఎద్దు అయ్యేవరకు మోసినాడను కథ ప్రసిద్ధము. 1902లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆలన్ కాల్వర్ట్ స్థాపించిన కంపెనీ ఆ మల్లుని పేరే పెట్టుకొని, బరువు మార్చుకొనదగిన బార్‌బెల్స్ అమ్మినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గాయపడిన సైనికులకు థామస్ డిలోర్మ్ అను వైద్యుడు క్రమంగా బరువు పెంచే వ్యాయామం చేయించి, 1945లో ఆ ఫలితాలను ప్రకటించినాడు.

ఏమి కొనవలెను

క్రొత్తవారికి ప్లేట్లు మార్చుకొనే డంబెల్ జత ఒకటి చాలును. 5 కిలోలు, 10 కిలోల స్థిరమైన డంబెల్స్ మాత్రమే ఉన్నవారు మొదటి దాని నుండి రెండవ దానికి వెళ్ళుట అనగా బరువు ఒక్కసారిగా రెట్టింపు అగుట. భుజాల వ్యాయామాలలో ఇది చాలామందికి సాధ్యం కాదు. బలవంతంగా ఎత్తి నడుము వంచుతారు. అదే డంబెల్‌కు రెండు వైపులా 1.25 కిలోల ప్లేట్లు చేర్చితే 2.5 కిలోలే పెరుగుతుంది. అర కిలో ప్లేట్లు దొరికితే ఒక్క కిలో చొప్పున పెంచవచ్చును. కనుక పెద్ద ప్లేట్ల కంటె చిన్న ప్లేట్లు ఎక్కువ ఉన్న సెట్టు మేలు. రాడ్డు బరువును కూడా లెక్కలో కలుపుకొనవలెను.

ఇళ్ళకు అమ్మే ప్లేట్ల రంధ్రం సుమారు 25–30 మిల్లీమీటర్లు, ఒలింపిక్ ప్లేట్లది 50 మిల్లీమీటర్లు. ఒకదాని ప్లేట్లు మరొకదానికి సరిపోవు. సిమెంటు వంటివి నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవుక, కాని మందంగా ఉండి రాడ్డుపై చోటు త్వరగా నిండిపోతుంది. ఎండలో ఉంచితే పగులుతాయి. పోతఇనుము ప్లేట్లు పలుచన, దీర్ఘకాలం మన్నుతాయి. ప్లేటుపై అచ్చువేసిన అంకె, అసలు బరువు ఒకటి కాకపోవచ్చును. కిరాణా దుకాణపు కాటాపై తూచి చూచుట మంచిది.

డబ్బు లేనివారు మూత గట్టిగా ఉన్న 5 లీటర్ల క్యానుతో మొదలుపెట్టవచ్చును. లీటరు నీరు ఒక కిలో. పావు లీటరు చొప్పున పోస్తూ పోతే దుకాణంలో దొరకనంత చిన్న మెట్లు లభిస్తాయి. నీటికి బదులు ఇసుక పోస్తే బరువు సుమారు ఒకటిన్నర రెట్లు అగును. పిడి గట్టిదనం ముందే పరీక్షించవలెను.

బెంచి వెంటనే అవసరం లేదు. కొంటే, అది మోయగలదని చెప్పిన బరువులో మన శరీరపు బరువు కూడా చేరునని గుర్తుంచుకొనవలెను. ఒంటరిగా ఉన్నప్పుడు బెంచిపై పడుకొని బార్‌బెల్ ఎత్తుట ప్రమాదకరం. రాడ్డు ఛాతీపై లేదా మెడపై చిక్కుకొని మరణించినవారు కలరు. డంబెల్స్ అయితే ప్రక్కకు దించవచ్చును.

వాడుక

తప్పు లేకుండా 10 నుండి 12 సార్లు ఎత్తి, ఇంకా ఒకటి రెండుసార్లు ఎత్తగల శక్తి మిగిలే బరువుతో ప్రారంభించవలెను. మూడు విడతలలోనూ 12 సార్లు పూర్తయిన తరువాతనే తరువాతి మెట్టుకు పోవలెను. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని అడగవలెను. బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారను నమ్మకం సరికాదు, అయితే వారికి పెద్దల పర్యవేక్షణ తప్పనిసరి.

2000 సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినది. ఈ రెండు పద్ధతులు శిక్షకుడు లేకుండా ఇంటిలో ప్రయత్నించదగినవి కావు. పైగా షాబాదు బండల నేలపై ఇనుము పడితే బండ పగులుతుంది. మామూలు సాధనకు కూడా క్రింద రబ్బరు చాప పరచవలెను. వర్షాకాలంలో ఇనుప ప్లేట్లు త్రుప్పు పట్టకుండా చెమట తుడిచి, అప్పుడప్పుడు పలుచగా నూనె రాస్తే సరిపోతుంది.