బండి పోయింది, పేరు పోలేదు

బండి అమ్ముతున్నామని నలుగురికీ తెలిసిందో లేదో, ఫోన్ మోగుతుంది. ఎత్తితే నమస్కారం ఉండదు, పేరు చెప్పడం ఉండదు. "లాస్ట్ ఎంతకిస్తారన్నా?" అంటారు. విస్తరి వేయకముందే పాయసం అడిగినట్టుంటుంది. పాత బండి బేరంలో మొదటి మర్యాద, బండి చూశాకే ధర మాట్లాడటం. ఫోన్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ సంవత్సరం మోడల్, ఎన్ని చేతులు మారింది, ఆర్సీ ఎవరి పేరున ఉంది, ఫైనాన్స్ తీరిందా? వీటికి సూటిగా జవాబు రాకపోతే అక్కడిదాకా వెళ్లడానికి పెట్రోలు దండగ.

అమ్మేవాళ్ల మర్యాద ఆ రోజు పొద్దున్నే మొదలవుతుంది. కొనేవాళ్లు వచ్చేలోపు ఇంజన్ వేడెక్కించి పెట్టకూడదు. రాత్రంతా నిలబడ్డ బండి ఎన్ని కిక్కులకు స్టార్టవుతోంది, మొదటి నిమిషంలో శబ్దం ఎలా ఉంది, సైలెన్సర్లోంచి నీలిపొగ వస్తోందా అన్నవి చల్లటి ఇంజన్ మీదే బాగా తెలుస్తాయి. నీలిపొగ అంటే ఇంజనాయిల్ మండుతోందని. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి. అందుకే కొనేవాళ్ల వెంట వచ్చిన అనుభవమున్న మెకానిక్ రాగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు. దానికి నొచ్చుకోనక్కర్లేదు.

మెకానిక్‌కూ ఒక హద్దుంది. సాగిన చైను, నున్నబడ్డ టైరు చూపించి రేటు తగ్గించమనొచ్చు. "ఇది తుక్కండీ" అనకూడదు. ఆ ఇంటి పిల్లవాడు ఆ ట్యాంకు మీద కూర్చునే బడికి వెళ్లొచ్చి ఉంటాడు. బండిని తిట్టినవాళ్లకు, తగ్గిద్దామనుకున్న ఐదొందలు కూడా తగ్గించబుద్ధి కాదు.

ట్రయల్‌కు వచ్చేవాళ్లు లైసెన్సు, హెల్మెట్ తెచ్చుకోవాలి. తాము వచ్చిన బండి తాళమో, తోడొచ్చిన మనిషినో అక్కడ ఉంచి వెళ్లడం పద్ధతి. రెండు కిలోమీటర్లు తిరిగితే చాలు. ఇక వెయ్యిన్నూట పదహార్లు టోకెన్ తీసుకున్నాక, ఇంకెవరో వెయ్యి ఎక్కువిస్తామన్నారని మాట మార్చకూడదు. శుక్రవారం బండి గడప దాటించని ఇళ్లుంటాయి. కొనేవాళ్లు ఒక్కరోజు ఆగితే పోయేదేమీ లేదు.

ఇవన్నీ తప్పినా నష్టం చిన్నదే. పెద్ద మర్యాద కాగితాల దగ్గర ఉంది, దాన్ని నేనే తప్పాను. కొన్నేళ్ల కిందట బండి అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద తేదీ కూడా వేయకుండా సంతకాలు పెట్టిచ్చాను. "మిగతాది మేం చూసుకుంటాం సార్" అన్నాడు కొన్నాయన. ఏడాదిన్నర తర్వాత నా ఫోన్‌కు చలాన్లు మొదలయ్యాయి. ట్రిపుల్ రైడింగ్ ఫోటోలో ముగ్గురున్నారు, ఒక్కరినీ ఎరగను. కొన్నాయనకు ఫోన్ చేస్తే ఆయన ఎప్పుడో అమ్మేశాడట, నా ఖాళీ సంతకాలతో సహా. చలాన్లతో పోయింది కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను.

పేరు మార్పు కొన్నవారి పని అనుకుంటాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ఆ పని ఇద్దరికీ పెట్టింది. రాష్ట్రంలోపలే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. రాష్ట్రం దాటితే అమ్మినవారికి 45 రోజుల గడువు. హైదరాబాద్ బండి విజయవాడలో ఒకరి పేరు మీదికి మారాలంటే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కూడా కావాలి. ఆ కాగితం ఇప్పించకుండా బండి అంటగట్టడాన్ని మోసమనే అనాలి. ఫైనాన్స్ తీరినా ఆర్సీలో అప్పిచ్చినవాళ్ల పేరు తీయించకపోవడమూ అలాంటిదే. దానికి ఫారం 35, అప్పిచ్చినవాళ్ల ఎన్‌ఓసీ ఉండాలి.

చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వారే, నష్టపరిహారం బాధ్యతా వారిదే. ఎప్పుడో అమ్మేశానన్న మాట అక్కడ చెల్లలేదు. ఆటో కన్సల్టెన్సీకి ఇచ్చేసి చేతులు దులుపుకునేవాళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొంత ఊరట ఉంది. అనుమతి పొందిన డీలరుకు బండి అప్పగిస్తున్నట్టు రవాణా శాఖ పోర్టల్లో నమోదు చేస్తే, మళ్లీ అమ్ముడుపోయేదాకా బాధ్యత డీలరుదే. మీ కన్సల్టెన్సీకి ఆ అనుమతి ఉందో లేదో అడగండి. అడిగితే మొహం చిట్లించేవాడికి బండి ఇవ్వకండి.

ఇన్సూరెన్సులో ఒక మెలిక ఉంది. పాలసీలోని థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే వెళుతుంది, కొన్నవారు 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మనిషిది. అమ్మినవారు దాన్ని తమ కొత్త బండికి తీసుకుపోతే కొన్నవారు తగువు పెట్టుకోకూడదు.

మీరెప్పుడో అమ్మేసిన బండి నంబరు గుర్తుందా? ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఓనరు పేరు పూర్తిగా కనబడదు, మధ్యలో కొన్ని అక్షరాలు దాచేస్తారు. అది మీ పేరో కాదో గుర్తుపట్టడానికి ఆ మిగిలిన అక్షరాలు చాలు.