మీకు తెలుసా? ఒక్క దశాంశంలో పదివేల టన్నులు

2023-24లో విశాఖ పోర్టు మీదుగా సాగిన సరుకు 810.9 లక్షల టన్నులు. ఇది దగ్గరి అంకెకు సవరించి రాసిన లెక్క అనుకుంటే, 810.85 ≤ అసలు బరువు < 810.95. ఆ సందులో పదివేల టన్నులు, అంటే ఓ చిన్న ఓడ సరుకు, దర్జాగా దాక్కోవచ్చు! చివరి అంకెలు కత్తిరించి రాస్తే మాత్రం 810.9 ≤ బరువు < 811. వెడల్పు అంతే, చోటు జరిగింది.

ఉక్కు కడ్డీదీ ఇదే కథ. 12 మి.మీ. కడ్డీ మీటరు బరువు లెక్కకు 0.8878 కిలోలు, సవరిస్తే 0.888, కత్తిరిస్తే 0.887.

ఈ సవరణలో ఓ తిరకాసు ఉంది. సరిగ్గా సగం దగ్గర ఆగితే చివరి అంకెను సరిసంఖ్య చేయమంది 1960 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 2. ఆ లెక్కన 810.85 కాస్తా 810.8 అవుతుంది, మొదటి ≤ కూడా < గా మారిపోతుంది.