మీకు తెలుసా? మతిమరుపు పరీక్షలో జిల్లా ప్రశ్న

పెద్దల మతిమరుపును పసిగట్టేందుకు 1975లో అమెరికాలో ఓ 30 మార్కుల పరీక్ష తయారైంది. అందులో ఓ ఇంగ్లిష్ మాట అక్షరాలను వెనక నుంచి పలకాలి, ఓ వాక్యం రాయాలి. బడికెళ్లనివారికి అది చదువు పరీక్షే!

అందుకే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం చేసిన హిందీ పరీక్షలో వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రూపొందించిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి.

ఇలాంటి పరీక్షల్లో అడిగే ‘ఇది ఏ జిల్లా?’ అన్న ప్రశ్నకూ జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల కొత్త జిల్లా అయింది. అప్పటిదాకా గుంటూరు జిల్లాలో ఉన్న రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. రేపల్లె తాతగారు ‘గుంటూరు’ అంటే అది పాత అలవాటే కావచ్చు.

ఒక్క జవాబుతో తీర్పు చెప్పకండి. మతిమరుపు పెరుగుతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి.